రాళ్లకు రంగేసిన పెద్దమనిషి

మా ఊరి బొందలగడ్డకు నేను చేసిన ఉపకారం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చెడగొట్టాలని చేసింది కాదు. కావాలని చెడగొట్టినవాణ్ని ఊరు నాలుగు తిట్టి వదిలేస్తుంది. బాగు చేస్తానని బయల్దేరినవాడికైతే ముందు శాలువా కప్పుతుంది, కొబ్బరికాయ కొట్టిస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా నవ్వుకుంటుంది.

మాది న్యాల్‌కల్ మండలంలో కర్ణాటక అంచున ఓ చిన్న ఊరు. జిల్లా సంగారెడ్డి, బజారు పని జహీరాబాద్‌లో. పెద్ద రోగమొచ్చినా, పెళ్లికి బంగారం కొనాలన్నా బీదర్. ఇంట్లో తెలుగు, గట్టు మీద కన్నడ, కిరాణా కొట్టు దగ్గర దక్కనీ. నేను ఓ సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. లెక్క రాయడం వచ్చు, రాసింది ఆడిట్‌లో నిలబెట్టడం వచ్చు. ఈ రెండూ వచ్చినవాడు ఊరినైనా నడిపేయగలడని గట్టిగా నమ్మేవాణ్ని.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలైంది. తెలంగాణలోని పన్నెండు వేల పైచిలుకు పంచాయతీలకు ఊరికో ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, డంపింగ్ యార్డు వచ్చాయి. వాటితోపాటే వైకుంఠధామం: దహన వేదికలు, స్నానాల గదులు, నీళ్ల ట్యాంకు, గేటు. అంతకుముందే 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరి బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సర్పంచి, కార్యదర్శి ఇద్దరి మెడకూ చుట్టుకుంటుందని కూడా అంది. అప్పటి మా సర్పంచి నాకు వరసకు అల్లుడు. ఓ సాయంత్రం ఇంటికొచ్చి, "మామా, బొందలగడ్డ సంగతి నువ్వే సూడాలె. పైసల లెక్క నీ లెక్క ఎవ్వనికొస్తది?" అన్నాడు. కాస్త బెట్టు చేసి ఒప్పుకుందామనుకున్నాను గానీ, వాడు చాయ్ తాగేలోపే ఒప్పేసుకున్నాను.

అంత తొందర ఎందుకంటే, నా బుర్రలో అప్పటికే బీదర్ తిష్ట వేసుకుని ఉంది. అక్కడ బస్టాండుకు దగ్గర్లో బరీద్ షాహీల గోరీలున్నాయి. అలీ బరీద్ 1580లో పోయాడు గానీ తన గోరీ సంగతి వారసుల దయకు వదల్లేదు. బతికుండగానే ఎత్తైన అరుగు మీద గుమ్మటం లేపించుకున్నాడు. నాలుగు దిక్కులా తలుపుల్లేని కమాన్లు. వేసవిలో కూడా లోపల గాలి ఆడుతుంది. దాని చుట్టూ నాలుగు మడుల తోట వేయించాడు. ఇప్పుడక్కడ పొద్దున్నే షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు బూట్లు తొడుక్కుని రాజుగారి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటారు. పిల్లలు కమాన్ల కింద దాగుడుమూతలాడతారు. మా ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా నేను అక్కడ బెంచీ మీద కూర్చుని, చచ్చినవాళ్ల చోటు ఇంత కళగా ఉండొచ్చు కదా అనుకునేవాణ్ని. అనుకుని ఊరుకుంటే ఏ గొడవా లేకపోను.

అంతసేపు కూర్చున్నవాణ్ని, పైపు పట్టుకుని తిరుగుతున్న మాలీలను ఒక్కసారి పలకరించలేదు. వాళ్లకు నెలనెలా జీతం ఎక్కడినుంచి వస్తుందో, నీళ్లు ఏ బావివో అడగలేదు. గోరీలు కట్టుకున్న రాజులు వాటి దీపానికీ తోటకూ ఇనాం భూములు రాసేవారు. రాజ్యాలు పోయాక ఆ బరువు సర్కారు మీద పడింది. పూలు చూసొచ్చాను గానీ పూల వెనక ఉన్న ఖర్చు పద్దు నాకు కనబడలేదు. గుమాస్తాను కదా, నాకు కనబడకపోతే ఎవరికి కనబడాలి?

ముందు జేసీబీ వచ్చింది.

ఇక్కడ మా బొందలగడ్డ గురించి చెప్పాలి. సర్కారు నమూనాలో దహన వేదికలుంటాయి గానీ మా ఊళ్లో కాల్చేవాళ్ల కంటే పూడ్చేవాళ్లే ఎక్కువ. లింగాయతులు శవాన్ని కూర్చోబెట్టి విభూతి పోసి సమాధి చేస్తారు. మాదిగ, మాల ఇళ్లలో పూడ్చడమే. వాళ్లలో కొందరు తాతల కాలంలోనే మెథడిస్టు చర్చిలో చేరినవాళ్లు. ముస్లింల ఖబ్రస్తాన్ వేరే ఉంది. ఎవరి మూల వాళ్లది. ఆ మూలలకు గోడల్లేవు, బోర్డుల్లేవు. ఒక చింత, ఒక వేప, ఒక వంపు, అవే హద్దులు. సిమెంటు సమాధి కట్టించగల ఇళ్లు నాలుగో ఐదో. మిగతావాళ్లు మట్టి దిబ్బ పోసి తలవైపు ఓ రాయి నాటేవాళ్లు. మూడు వానలకు దిబ్బ అణిగిపోతుంది, రాయి మిగులుతుంది. కొన్ని రాళ్ల మీద సిలువ గీత, కొన్నింటి మీద సున్నం బొట్టు, చాలావాటి మీద ఏమీ ఉండదు. చూడ్డానికి తుమ్మ మొక్కలు, పిచ్చి తంగేడు, మధ్యలో చెదురుమదురుగా రాళ్లు. నా కళ్లకు అది ఖాళీ జాగా.

గుంతలు తీసే ముసలాయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు. "సారూ, గా దిక్కు బండి పోనియ్యకుండ్రి, గాడ మందున్నరు" అన్నాడు. సమాధులున్న చోట సమాధులే ఉంటాయని నాకు చెబుతున్నాడని విసుక్కున్నాను. "అన్నా, అంతా మంచిగనే చేస్తున్నం, నువ్వు ఊకో" అన్నాను. ఆయన ఊరుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ ఊరి గుంతలన్నీ తీసినవాణ్ని నేను నోరు మూసుకోమన్నాను.

సాయంత్రానికి నేల అరచేతిలా చదునైంది. తుమ్మలు ఓ మూల, రాళ్లు ఓ మూల. ఆ రాళ్లను చూసి నాకో అద్భుతమైన ఆలోచన వచ్చింది. అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు. గేటు నుంచి వేదికల దాకా మొరం బాట వేయించి, దానికి రెండు వైపులా ఆ రాళ్లు నాటించాను. కొనే పని లేకుండా అంచు కుదిరింది. ఒకదానికి తెలుపు, ఒకదానికి ఎరుపు ఆయిల్ పెయింటు వేయించాను. ఫొటోలు తీసి పంపితే మండలం నుంచి మెచ్చుకోలు వచ్చింది. 'రాళ్లు: ఖర్చు నిల్' అని రిజిస్టరులో ఎంత మురిసిపోతూ రాశానో!

ఆ తర్వాత, పోయిన పెద్దలకు బువ్వ పెట్టుకునే పెత్తర అమాస వచ్చింది. తెల్లారకముందే ఓ అవ్వ ఇస్తరాకులో బువ్వ, పప్పు, రెండు గారెలు పెట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. అప్పటికి పెంచుతున్న పచ్చగడ్డి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది. నేను నీళ్ల పైపు సవరిస్తున్నాను. "కొడుకా, మా ఆయన యాడున్నడు?" అంది. ప్రశ్న నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. బాట వెంట వంగి ఒక్కో రాయి తడుముకుంటూ నడిచింది. ఒక ఎర్ర రాయి దగ్గర కూర్చుని, కంకర ముక్క తీసుకుని రంగు గీకడం మొదలుపెట్టింది. పెచ్చులు పెచ్చులుగా పెయింటు లేచింది. కింద ఏమీ లేదు. పక్క తెల్ల రాయి గీకింది. అక్కడ ఓ మూల పగిలిన గంటు ఉంది. ఆ గంటు మీద బొటనవేలు పెట్టి, "గిదే. నాగలి కర్రు తగిలి పలిగింది. మా చేన్లదే గీ రాయి" అంది.

రాయి దొరికింది. మనిషి దొరకాలి కదా. గుంతలు తీసే ముసలాయనకు కబురు పెట్టాను. ఆయన వచ్చి, నావైపు చూడకుండా, వేప దగ్గర నిలబడి పొద్దు వైపు మొహం పెట్టి అడుగులు వేసుకుంటూ వెళ్లి ఒక చోట ఆగాడు. అది సరిగ్గా నేను గుండ్రంగా బంతి మొక్కలు వేయించిన మడి. అవ్వ ఇస్తరాకు బంతుల మధ్య పెట్టి దండం పెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రోజు పొద్దు గూకేలోపు బాట మొత్తం గీకుడు చప్పుళ్లే. కొందరు నవ్వారు కూడా. ఒకాయన, "సారూ, మా నాయిన ఎరుపా తెలుపా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నెల రోజుల పాటు ఊళ్లో పాన్ డబ్బా దగ్గర పొద్దుపుచ్చింది. ఒకే రాయిని రెండు ఇళ్లవాళ్లు మాదంటే మాదని పట్టుకుంటే పంచాయితీ నా ముందుకే వచ్చింది. తీర్పు చెప్పే మొహం నాకెక్కడిది!

ఇది ఒక వంతు. నీళ్లది ఇంకో వంతు.

మా దిక్కు నేల బీదర్ పీఠభూమిలో భాగం. ఎర్రటి లాటరైట్ రాయి, జల్లెడలాంటిది, పోసిన నీళ్లు పోసినట్టే కిందికి జారిపోతాయి. బహమనీల కాలంవాళ్లు ఆ గుణం తెలిసే బీదర్ పక్కన నౌబాద్‌లో భూమి లోపల సొరంగం కాలువ తవ్వారు. కరేజ్ అంటారు. రాతిలో ఇంకిన నీటిని లోపలే పట్టి, వాలుకు నడిపించి ఊరికీ తోటలకూ ఇచ్చారు. ఐదారు వందల ఏళ్ల కిందటివాళ్లు ముందు నీళ్ల సంగతి తేల్చుకుని తర్వాత తోట వేశారు. నేను ముందు మెక్సికన్ గడ్డి చాపలు తెప్పించాను. బోరు రెండంగుళాలు పోస్తుందన్న ధైర్యం. ఆ బోరే ఊరి ట్యాంకుకూ నీళ్లిచ్చేది. ఎండాకాలం రాగానే బిందెలకా గడ్డికా అన్న లెక్క వచ్చింది. ఆ లెక్క నేను వేయనక్కర్లేకుండానే ఊరి ఆడవాళ్లు వేశారు.

ప్రహరీ వెంట కోనోకార్పస్ పెట్టాను. త్వరగా పెరుగుతుంది, పశువు ముట్టదు, 85 శాతం గండం గట్టెక్కించే చెట్టు. ఆ మాట నిజమే, ఒక్కటీ చావలేదు. తర్వాత దాని వేళ్లు పైపుల్లో దూరతాయని, పుప్పొడి ఊపిరికి మంచిది కాదని గొడవ లేచింది. 2023లో గుజరాత్ ఏకంగా నిషేధించింది. మా స్నానాల గది పైపు అంతకుముందే బిగిసిపోయింది. ఏదైతే చావాలో అది చావలేదు. నా మొక్కల్లో వందకు వంద శాతం బతికింది అదొక్కటే.

హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు కుతుబ్ షాహీ గోరీలు చూశాను. 106 ఎకరాలు. ఆగా ఖాన్ ట్రస్టు 2013లో పని మొదలుపెడితే 2024 జులైకి పూర్తయింది. ఆ 2013 వానలకే బడీ బావి గోడ కూలిందట. గుమ్మటాలకు మెరుగులు దిద్దుకుంటూ కూర్చోలేదు, బావులు కూడా తిరిగి కట్టారు. మా అల్లుడు గుమ్మటాలకు సెల్ఫీలు తీసుకుంటుంటే నేను బావి మెట్ల మీద కూర్చుని నీళ్లకేసి చూశాను. పదకొండేళ్లు! నేను మా వైకుంఠధామాన్ని దసరాలోపు తోట చేసేస్తానని మాటిచ్చినవాణ్ని.

ఇక డబ్బు. నా సొంత విద్య కాబట్టి ఇక్కడ చేసిన తెలివితక్కువ పని అన్నింటికంటే ఘనమైనది. దాతలను పోగు చేయడంలో నాకు లోటు లేదు. గేటుకు ఒకరు, బెంచీలకు నలుగురు, శివుడి బొమ్మకు ఒకరు. 'జ్ఞాపకార్థం' అని నల్ల రాయి మీద తెల్ల అక్షరాలు చెక్కిస్తామంటే మన జనం జేబులో చేయి పెట్టడానికి వెనకాడరు. నాలుగు లక్షల చిల్లర పోగైంది. ప్రతి రూపాయికీ రసీదు ఉంది, ప్రతి రూపాయీ వస్తువు కింద ఖర్చయింది. శివుడి బొమ్మకు మెథడిస్టు ఇళ్లవాళ్లు మొహం చిన్నబుచ్చుకున్నారు, గేటు మీద పేరు సైజు గురించి రెండు కులాలు మాట్లాడుకోవడం మానేశాయి. అవి వేరే కథలు. అసలు కథ ఏమిటంటే, నీళ్లు పోసే మనిషికి నెల జీతం అన్న పద్దు నా రిజిస్టరులో లేనే లేదు. పంచాయతీ మల్టీపర్పస్ వర్కరు ఉన్నాడుగా అనుకున్నాను. మోరీలు తీసేది వాడే, వీధి దీపం మార్చేది వాడే, ట్రాక్టరు నడిపేది వాడే. 2023లో పెంచాక వాడి జీతం నెలకు 9,500. అదీ వచ్చిన నెల వచ్చినట్టు. ఆ మనిషి చేత బంతిపూలకు నీళ్లు పోయిద్దామనుకున్నాను.

పదిహేనో ఆర్థిక సంఘం నిధులుండేవి కదా అనొచ్చు. నేనూ అన్నాను. వాటిలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఉండేది. మిగతా 40 శాతం ఊరి ఇష్టమే గానీ జీతాలకు వాడనిచ్చేవారు కాదు. అంటే గోడ కట్టొచ్చు, ఆ గోడ లోపల చీపురు పట్టే మనిషికి ఇవ్వకూడదు. 2024 జనవరి 31తో సర్పంచుల గడువు ముగిసింది. ప్రత్యేక అధికారులొచ్చారు, పాలకవర్గం లేదని ఢిల్లీ డబ్బు ఆగింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో. మధ్యలో రెండు ఎండాకాలాలు. ట్రాక్టరుకు డీజిల్ లేక షెడ్డులో ఉంది, మోటారు కాలితే బాగుచేయించే దిక్కు లేదు. గడ్డి చాపలు ఎండి, ఒక రోజు గాలికి కొసలు లేచి చుట్టుకున్నాయి. ఒకాయన వాటిని బండిలో వేసుకెళ్లి ఎడ్లకొట్టం మీద కప్పుకున్నాడు. నేను చూసి కూడా చూడనట్టే వెళ్లిపోయాను.

మా తమ్ముడి కొడుకు బోస్టన్ దగ్గర ఉంటాడు. ఫోన్‌లో నా గోడు విని, వాళ్లింటికి దగ్గర్లోని మౌంట్ ఆబర్న్ స్మశానం ఫొటోలు పంపాడు. 1831లో అక్కడి తోటల సంఘంవాళ్లు మొదలుపెట్టారట. అమెరికాలో ఊళ్లకు పార్కులు అంతగా లేని రోజుల్లోనే జనం షికారుకు అక్కడికి వెళ్లేవాళ్లట. చెరువులు, కొండ, చెట్లకు పేర్ల బిళ్లలు. "పెదనాన్నా, ఇక్కడ శాశ్వత పోషణకని కొంత డబ్బు నిధిలో వేస్తారు. అసలు ముట్టుకోరు, దాని రాబడితోనే చెట్లూ దారులూ చూసుకుంటారు" అన్నాడు. ముప్పై ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు రాసి సంతకం పెట్టిన చేయి ఇది. అసలు ముట్టుకోకుండా వడ్డీతో బతకడం ఎలాగో నాకు చెప్పడానికి బోస్టన్ నుంచి పిల్లవాడు ఫోన్ చేయాల్సి వచ్చింది. ఫోన్ పెట్టేసి కాగితం మీద లెక్క వేశాను. పొద్దున పూట వచ్చిపోయే మనిషికి నెలకు మూడు వేలనుకున్నా ఏడాదికి 36 వేలు. ఏడు శాతం వడ్డీకి అసలు ఐదు లక్షల పైమాట. మేం గేటుకూ బెంచీలకూ బొమ్మకూ పోసిన దానికి ఇంకాస్త కలిపి బ్యాంకులో పడేసి ఉంటే సరిపోయేది. బెంచీల మీద ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

ఆదాయం కోసం నేనేమీ ఆలోచించలేదని కాదు. అది చెప్పకపోతే నా మూర్ఖత్వానికి అన్యాయం చేసినట్టే. పండ్ల చెట్లు పెట్టి ఏటా వేలం వేద్దామని జామ, సపోటా అంట్లు తెప్పించాను. జామ కాసింది కూడా. వేలానికి డప్పు కొట్టిస్తే ఒక్కడు రాలేదు. బొందలగడ్డ జామకాయ జహీరాబాద్ మార్కెట్లో ఎవడు కొంటాడు, కొన్నవాడికి ఏ ఊరిదని చెప్పి అమ్ముతాడు? "మీరు ముందుగాల ఒకటి తినుండ్రి సారూ" అన్నారు. తిన్నాను. బాగానే ఉంది. వేలం మాత్రం పాడలేదు. బడి పిల్లలు గోడ దూకి కోసుకుపోతున్నారు, అదొక్కటే తృప్తి. అక్కడే ఎప్పటినుంచో ఉన్న చింతకు మాత్రం ప్రతి ఏడూ పాట పలుకుతుంది. చింతపండు పాతబడి, ఉప్పు కలిసి, ముద్దకట్టి ఎక్కడిదో ఎవరికీ గుర్తుండకుండా అమ్ముడవుతుంది. ఆ చెట్టు నేను పెట్టింది కాదు. జేసీబీకి అడ్డమని కొట్టించబోతే సర్పంచే ఆపాడు.

ఇప్పుడు అక్కడ సమాధుల మధ్య పచ్చగా ఉన్నవేమిటంటే, ముసలాయన పెట్టినవి. గుంత పూడ్చాక ఒక దేవగన్నేరు కొమ్మ విరిచి తలవైపు గుచ్చిపోవడం ఆయన అలవాటు. దానికి ట్యాంకరు అక్కర్లేదు, వేరు కూడా అక్కర్లేదు. గుచ్చిన కర్రే చిగురిస్తుంది. పశువు నోరు పెట్టదు. చైత్ర వైశాఖాల్లో ఆకు లేకుండా పూస్తుంది. జేసీబీ పెరికేసిన కొమ్మల్ని ఆయన తుమ్మ కుప్పలోంచి ఏరుకుని తిరిగి గుచ్చాడని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆయన పక్కన కూర్చుని ఎవరెక్కడున్నారో పటం గీసి రాసుకుంటున్నాను. చదునులో పోయిన రాళ్లు చాలామటుకు మళ్లీ ఎవరి తలవైపుకు వాళ్లకు చేరాయి, సగం గీకిన రంగుతో. ఏ ఇంటివాళ్లూ మాదనని రాళ్లు కొన్ని బాట పక్కనే ఉన్నాయి. చింత పాట డబ్బు పంచాయతీ ఖాతాలో కలవకుండా ఇక్కడికే ఖర్చుపెట్టాలని తీర్మానం చేయించడానికి తిరుగుతున్నాను. ఆయనకు నెలకు ఎంతో కొంత కట్టబెట్టాలని నా పట్టుదల. "నాకెందుకు సారూ, గుంతకు ఇచ్చేది ఇస్తనే ఉన్నరు" అంటాడాయన. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఆయన కొడుకులిద్దరూ బీదర్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నారన్నదే జవాబు.

డిసెంబరులో గెలిచిన కొత్త సర్పంచి సంక్రాంతి వెళ్లగానే వచ్చాడు. బొందలగడ్డకు ఆర్చి కడదామన్నాడు, సంగారెడ్డిలో చూశాడట. నేను నా కాగితం తీసి ఏడు శాతం వడ్డీ, 36 వేలు, ఐదు లక్షలు అన్నీ చదివి వినిపించాను. శ్రద్ధగానే విన్నాడు. "అది గూడ చేద్దాం కాకా, ముందుగాల ఆర్చి లేవనీ" అన్నాడు. పునాది తీశారు. గుంతలు ఎక్కడ తీయాలో మాత్రం ఈసారి ముసలాయన్ను అడిగే తీశారు. దాతల పేర్ల జాబితా వరసగా, ఎవరికీ నొప్పి కలగకుండా రాసిపెట్టమని నన్నే అడిగారు. రాసిచ్చాను. అందులో నా పేరు మూడోది.